మానేసే ముందు

కేసముద్రం మార్కెట్‌యార్డులో రైతు తన బీపీ మాత్ర సంగతి నలుగురిలో చెబుతాడు. దిగులుకు వాడే మాత్రను మాత్రం దాస్తాడు. ఈ సంచిక ఆ మాత్రల గురించే.

పాతతరం అమిట్రిప్టిలిన్ మెదడులో సెరటోనిన్, నారడ్రినలిన్ రెండూ ఎక్కువసేపు నిలిచి ఉండేలా చేస్తుంది. నోరెండడం, మలబద్ధకం, మగత దాని వెంటే వస్తాయి. మోతాదు మించితే గుండెకే ముప్పు. ఇప్పుడు ఎక్కువగా రాసే ఎస్సిటలోప్రామ్, సెర్ట్రలిన్ ముఖ్యంగా సెరటోనిన్ మీద పనిచేస్తాయి.

చిక్కంతా తొలి రోజుల్లోనే. వికారం మొదటి వారంలోనే మొదలవుతుంది, గుణం కనబడడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. చాలామంది ఆ మధ్యలోనే మానేస్తారు. పాతికేళ్లలోపు వారిలో కొందరికి మందు మొదలుపెట్టిన ఆ తొలి వారాల్లోనే చనిపోవాలన్న ఆలోచనలు పెరగొచ్చు. ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండాలి. లైంగిక కోరిక తగ్గినా సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పాలి, మందు మార్చే వీలుంది.

సాయం కావాలంటే, 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలిమానస్ నంబరు 14416. తెలుగులోనే మాట్లాడొచ్చు.