ముందు కుర్చీ వేయండి, తర్వాత మైకు పెట్టండి

కాలనీవాసులకు, ముఖ్యంగా పొద్దున్నే పార్కుకు వచ్చే పెద్దవాళ్ళకు:

ఈ జూన్ 21న మన పార్కులో ఏం జరిగిందో మీలో చాలామంది కళ్ళారా చూశారు. చూడనివాళ్ళకు రెండు ముక్కల్లో చెబుతాం. యోగాకు మొదటిసారి వచ్చిన ఒక పెద్దావిడ పాదహస్తాసనం నుంచి పైకి లేస్తూ కళ్ళు తిరిగి పక్కకు పడిపోయింది. కుడి మణికట్టు విరిగింది. పడకముందు ఆవిడ అడిగిన మాట ఆ వరసంతా విన్నది: "బాబూ, నాకు బీపీ ఉంది, కళ్ళు తిరుగుతుంటాయి. అంత కిందికి వంగొచ్చంటావా?" వేదిక మీంచి మైకులో జవాబు: "ఏం కాదమ్మా, వంగండి, అదే అలవాటవుతుంది." ఆవిడను ఆటో ఎక్కించేలోపే మైకు అర్ధచక్రాసనంలోకి వెళ్ళిపోయింది. పైన తిరిగే డ్రోను కూడా ఆగలేదు.

నిర్వాహకులు మర్నాడు "దురదృష్టం" అన్నారు. ఇందులో అదృష్టం ప్రసక్తి ఏముంది? వాళ్ళ చేతిలో ఉన్న పుస్తకాన్ని వాళ్ళే చదవలేదు. యోగా దినోత్సవం నాడు దేశమంతా చేసే 45 నిమిషాల ఉమ్మడి యోగా క్రమాన్ని కేంద్ర ఆయుష్ శాఖే అచ్చువేసి ఇచ్చింది. ఒక్కో ఆసనం కింద ఎవరు చేయకూడదో అందులోనే రాసి ఉంది. గుండెజబ్బు, నడుము జబ్బు, హెర్నియా, కళ్ళు తిరగడం ఉన్నవాళ్ళు, గర్భిణులు పాదహస్తాసనం వేయకూడదు. మోకాళ్ళు, చీలమండలు బాగాలేనివాళ్ళు వజ్రాసనం జోలికి పోకూడదు. బీపీ, గుండెజబ్బు, మూర్ఛ ఉన్నవాళ్ళకు కపాలభాతి వద్దు. ఈ మాటలన్నీ చదవడానికి రెండు నిమిషాలు పట్టదు. అతిథుల పేర్లు చదవడానికి మన పార్కులో ఆ రోజు ఇరవై నిమిషాలు పట్టింది.

యోగా మంచిదా చెడ్డదా అన్న చర్చ మాకొద్దు. మంచిదే. మంచిది కాబట్టే మోకాలు అరిగినవాళ్ళకు, షుగరున్నవాళ్ళకు, ప్రసవమైన ఆర్నెల్లకు మొదటిసారి చాప పరిచిన అమ్మాయికి అందాలంటున్నాం. వాళ్ళకు అందాలంటే మెత్తగా, మెట్టు మెట్టుగా మొదలుపెట్టాలి. మొదటి రోజే చేతివేళ్ళు పాదాలకు తగలాలని ఏ శాస్త్రంలో ఉంది? ఆసనమంటే నిలకడగా, సుఖంగా ఉండాలన్నాడు పతంజలి, అంతకు మించి కొలత చెప్పలేదు. ముసలివాళ్ళు, రోగులు, బలహీనులు కూడా సాధనతో ఫలితం పొందుతారని హఠయోగ ప్రదీపిక ఒప్పుకుంది. ఆ పుస్తకంలో వర్ణించిన ఆసనాలు 15. వాటిలో ఎక్కువ భాగం కూర్చుని వేసేవే.

మరి అందరూ ఒకేసారి వంగే ఈ పరేడ్ మనకు ఎక్కణ్ణించి వచ్చింది? 1920ల్లో ఔంధ్ సంస్థానం రాజు సూర్య నమస్కారాలను అందరూ చేయదగ్గ కసరత్తుగా ఊరూరా ప్రచారం చేశాడు. 1930ల్లో మైసూరు జగన్మోహన ప్యాలెస్‌లో తిరుమలై కృష్ణమాచార్య రాజవంశపు కుర్రాళ్ళకు, తోటి కుర్రాళ్ళకు చురుకైన ఆసనాలు నేర్పాడు. పన్నెండు, పదిహేనేళ్ళ వయసు, రబ్బరులా వంగే ఒళ్ళు. ఆ పాఠాన్నే తెచ్చి అరవై దాటినవాళ్ళ నెత్తిన పెడుతున్నాం. అదే కృష్ణమాచార్య తర్వాత మద్రాసు చేరి, మనిషిని బట్టి పాఠం మార్చి ఒక్కొక్కరికి విడిగా నేర్పాడు. ఆయన బావమరిది, శిష్యుడు బి.కె.ఎస్. అయ్యంగార్ చిన్నతనంలో క్షయ, టైఫాయిడ్, మలేరియా అన్నీ అనుభవించినవాడు. పుణెలో ఆయన తాడు, పట్టీ, చెక్క దిమ్మె, మడత కుర్చీ సాయంతో ఆసనాలు నేర్పి ప్రపంచాన్ని ఒప్పించాడు. కుర్చీ యోగా విదేశీ ఫ్యాషన్ అనేవాళ్ళు ముందు పుణె వెళ్ళి చూసి రండి.

అసలు రోగం వేరే ఉంది. దాని పేరు లెక్క.

2015లో ఢిల్లీ రాజ్‌పథ్‌లో 35,985 మంది. గిన్నిస్ రికార్డు. 2023లో సూరత్‌లో సుమారు లక్షా యాభై వేలు. మళ్ళీ రికార్డు. 2025లో మన విశాఖ సాగరతీరంలో ఆర్కే బీచ్ నుంచి భోగాపురం దాకా 3 లక్షల పైచిలుకు. ఇంకో రికార్డు. దానికి ముందు నెల రోజులు 'యోగాంధ్ర' పేరుతో 2 కోట్ల మంది లక్ష్యం. విశాఖకు వచ్చిన జనం మనసారా వచ్చారు, వాళ్ళను తప్పుపట్టడం లేదు. ఆ రికార్డుల జబ్బు మండలానికి, వార్డుకు, చివరికి మన పార్కు వేపచెట్టు కిందికి పాకడమే మా బాధ. గిన్నిస్‌వాళ్ళకు తలకాయలు కావాలి, మోకాళ్ళతో పనిలేదు. పైనుంచి సంఖ్య అడుగుతారు. కింద నుంచి ఫొటో పంపుతారు. ఫొటోలో అందరూ ఒకేసారి వంగి కనబడాలి. గోడకు ఆనుకుని చేసేవాళ్ళు, కుర్చీలో కూర్చుని చేసేవాళ్ళు ఉంటే వరస చెడుతుంది. మన పార్కులో ఆ రోజు ఇద్దరు తాతలు సిమెంటు బెంచీ మీద కూర్చుని చేతులు పైకెత్తుతుంటే ఒక వాలంటీరు వచ్చి, "ఫ్రేములో పడుతున్నారు, కాస్త అవతలికి వెళ్ళండి తాతగారూ" అన్నాడు. వెళ్ళారు. మళ్ళీ రాలేదు. చేయగలిగినంత సరిగ్గా చేస్తున్నది ఆ ఇద్దరే.

సిగ్గుపడాల్సిన మాట ఇంకోటుంది. 2023 జూన్‌లో కేంద్ర సిబ్బంది శాఖ తన ఉద్యోగులను కుర్చీలోనే 'వై-బ్రేక్' యోగా చేయమని చెప్పింది. ఏసీ గదిలో కూర్చునే ఆఫీసరుకు కుర్చీలో యోగా చెల్లుతుంది. జీవితమంతా వరినాట్లు వేసి, ఇటుకలు మోసి మోకాళ్ళు పోగొట్టుకున్న మనిషికి మాత్రం తడి గడ్డి మీద వజ్రాసనం! ఇదెక్కడి న్యాయం?

ఎముకలు గుల్లబారినవాళ్ళ సంగతి మరీ ఘోరం. మెనోపాజ్ దాటి, ఎముకల బలం తగ్గిన ఆడవాళ్ళ మీద అమెరికాలో మేయో క్లినిక్ వైద్యులు 1984లో ఒక చిన్న పరిశీలన ప్రచురించారు. నడుమును ముందుకు వంచే వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్ళలో నూటికి 89 మందికి వెన్నుపూసల్లో కొత్త దెబ్బలు కనిపించాయి. వెనక్కి నిటారుగా సాగే వ్యాయామాలు చేసినవాళ్ళలో 16 శాతానికే. నలభై ఏళ్ళు దాటింది. మన మైకు ఇంకా "వంగండి, వంగండి" అంటూనే ఉంది.

"ఇంత మెత్తగా చేస్తే ఫలితమేముంది?" అనే పహిల్వాన్లు జిమ్ముకు వెళ్ళవచ్చు. "మా తాత తొంభై ఏళ్ళకు శీర్షాసనం వేశాడు" అనేవాళ్ళకు నమస్కారం, వాళ్ళ తాతకు రెండు నమస్కారాలు. "కుర్చీలకు డబ్బులెక్కడివి?" అంటారా? స్వాగత తోరణాలకు ఎక్కడివో అక్కడివే.

శిక్షకులను మేం తిట్టడం లేదు. ఆయుష్ కేంద్రాల్లో పార్ట్‌టైం యోగా శిక్షకులకు ఇచ్చేది గంట తరగతికి 250 రూపాయలు. మగవాళ్ళకు నెలకు 32 తరగతులు, ఆడవాళ్ళకు 20. అంటే నెలకు 8 వేలు, 5 వేలు. ఆ జీతానికి ఒక్క మనిషి వందమందిని చూడాలి. మనుషుల మధ్య తిరిగి నడుములూ మోకాళ్ళూ చూడాల్సినవాణ్ణి వేదికెక్కించి బొమ్మను చేశారు. వేదిక తీసేయండి. పదిహేనుమందికి ఒకరుండాలి, ఆ ఒకరు నడుస్తూ ఉండాలి.

మెత్తని యోగా ఎలా ఉంటుందంటారా? చాలా మామూలుగా ఉంటుంది. చేతుల్లేని కుర్చీని గోడకు ఆనించి, కాళ్ళ కింద చాప వేయాలి, లేకపోతే టైల్స్ మీద ప్లాస్టిక్ కుర్చీ జారుతుంది. ముందుకు జరిగి కూర్చుని పాదాలు నేలకు పూర్తిగా ఆనించాలి. మడమలు ఎత్తి దించడం, చీలమండలు తిప్పడం, ఊపిరి పీలుస్తూ చేతులు పైకి, వదులుతూ కిందికి. తర్వాత లేచి కుర్చీ వీపు పట్టుకుని తాడాసనం. నేలను అందుకునే బదులు గోడ మీద అరచేతులు పెట్టి, నడుము చదునుగా ఉన్నంతవరకే వెనక్కి జరగడం, మోకాళ్ళు కొంచెం వంగినా ఫర్వాలేదు. పడుకుని సేతుబంధాసనం, పిరుదులు జానెడు లేస్తే చాలు. కాలు అందకపోతే చున్నీ వేసి పట్టుకోవచ్చు. కపాలభాతి బదులు నెమ్మదిగా భ్రామరి. చివర పిక్కలు కుర్చీ మీద పెట్టి శవాసనం. ఆయాసం వస్తే ఆగిపోవడం కూడా పాఠంలో భాగమని మొదటి రోజే చెప్పాలి.

ఇది "పెద్దవాళ్ళ ప్రత్యేక వరస"గా ఓ మూల పెడితే మాకొద్దు. కొత్తగా వచ్చిన ప్రతివాళ్ళకూ, ఇరవై ఏళ్ళవాళ్ళకైనా, మొదటి నెల ఇదే పాఠం కావాలి. పేరు రాసుకునేటప్పుడే బీపీ, గుండె, కళ్ళు, మోకాళ్ళు, ఆపరేషన్లు, గర్భం గురించి అడగాలి, జనం ముందు మైకులో కాదు, పక్కకు పిలిచి. జాగ్రత్తల కాగితం తెలుగులో పెద్ద అక్షరాలతో గేటు దగ్గర అతికించాలి. ఇవి ఒప్పుకోనిదే మన పార్కులో ఇక ఏ యోగా శిబిరానికీ మేం చాప పరచం, పేరు ఇవ్వం, ఫొటోలో నిలబడం.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇస్తున్నాం. కాగితం పంపుహౌస్ దగ్గర ఇస్త్రీ బండి మీద ఉంది, ఆదివారం సాయంత్రం దాకా ఉంటుంది. సంతకం పెట్టండి, సంతకం రానివాళ్ళు వేలిముద్ర వేయవచ్చు. ఇలాంటి శిబిరాల్లో నొప్పి పట్టుకుని నోరు మూసుకున్నవాళ్ళు, ఏ ఆసనంలో పట్టిందో పేరు పక్కన ఒక్క ముక్క రాయండి.

– పొద్దున పార్కుకు వచ్చే కొందరు కాలనీవాసులు