కొన్నానా? తెచ్చానా?

వార్షికోత్సవ సంచికకు నాలుగు మాటలు రాయమన్నారు. నీతులు చెప్పే అర్హత నాకు లేదు. నన్ను చాలాకాలం ఏడిపించిన ఒక ఇంగ్లీషు క్రియ గురించి చెబుతాను.

ఆదివారం వస్తే హాస్టల్ నుంచి నడుచుకుంటూ అబిడ్స్ వెళ్ళేవాళ్ళం. మూసిన షాపుల ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలు. మెస్ బిల్లు పోగా మిగిలిన చిల్లరతో ఒక గ్రామర్ పుస్తకం దొరికితే పండగే. ఆ ధైర్యంతోనే ఒక స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులో చేరాను. 'నిన్న పుస్తకం కొన్నావా?' అని సార్ ఇంగ్లీషులో అడిగారు. లేచి 'ఐ డిడ్ నాట్ బాట్' అన్నాను. క్లాసంతా గొల్లుమంది. సార్ కూడా నవ్వి పక్కవాణ్ణి అడిగారు. ఎందుకు తప్పో ఎవరూ చెప్పలేదు. ఆ కోర్సు అయ్యేవరకూ నేను మళ్ళీ నోరు తెరవలేదు.

ఎందుకు తప్పో నాకు తెలుగే చెప్పింది. 'కొన్నాను' అంటాం. మరి కాదు అనాల్సి వస్తే 'కొన్నలేదు' అంటామా? 'కొనలేదు' అంటాం. వచ్చాను - రాలేదు, తెచ్చాను - తేలేదు. 'లేదు' రాగానే జరిగిపోయిన కాలాన్ని అదే మోస్తుంది, క్రియ మామూలు రూపానికి వచ్చేస్తుంది. ఇంగ్లీషులో ఆ పని 'డిడ్' చేస్తుంది. అందుకే 'ఐ బాట్' సరే గానీ, 'ఐ డిడ్ నాట్ బై' అనాలి. ఒక్క చోట మాత్రం జాగ్రత్త. 'కొన్నావా?' అని మనం ప్రశ్నలోనూ 'కొన్నా' అనే అంటాం. ఇంగ్లీషు ప్రశ్నలో 'డిడ్' ముందుకొస్తుంది కాబట్టి అక్కడా 'డిడ్ యూ బై?' అనే అనాలి. మనం జారిపడేది ఇక్కడే.

ఇంకో చిక్కు బాట్, బ్రాట్. బై అంటే కొనడం, దాని భూతకాలం బాట్. బ్రింగ్ అంటే తేవడం, దానికి బ్రాట్. స్పెల్లింగులో తేడా ఒక్క 'ఆర్' అక్షరమే. మనం 'అబిడ్స్ నుంచి పుస్తకం తెచ్చాను' అంటే కొన్నాననే అర్థం కూడా వస్తుంది. ఇంగ్లీషులో 'బ్రాట్' అని ఊరుకుంటే డబ్బులిచ్చిన సంగతి అందులో ఉండదు. ఎవరిది తెచ్చావని వార్డెన్ సార్ అడగొచ్చు! రెండింటికీ మూడో రూపం కూడా మారదు. 'ఐ హావ్ బాట్', 'ఐ హావ్ బ్రాట్' అంతే. మధ్యలో ఉన్న 'జి హెచ్' ఎందుకంటారా? పాత ఇంగ్లీషులో అక్కడ 'హ' లాంటి శబ్దం పలికేవారు. శబ్దం పోయింది, అక్షరాలు మిగిలాయి.

ఇంత చిన్న విషయానికి వ్యాసమా అనుకోకండి. అబిడ్స్ దాటితే నాంపల్లి. అక్కడి ఎం.జె. రోడ్డులోనే పబ్లిక్ సర్వీస్ కమిషన్ ఆఫీసు ఉంది. గ్రూప్-1 మెయిన్స్‌లో జనరల్ ఇంగ్లీష్ పేపరు మార్కులు ర్యాంకుకు కలపరు. కానీ అందులో అర్హత రాకపోతే మిగతా పేపర్లు ఎంత బాగా రాసినా వృథాయే. తెలంగాణ ప్రభుత్వ పాఠశాలల్లో 2022-23 నుంచి ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. మంచిదే. కానీ మీడియం మారినంత మాత్రాన భయం పోదు. తప్పు మాట్లాడితే నవ్వే చోట ఏ పిల్లవాడూ నోరు విప్పడు, నోరు విప్పకుండా ఏ భాషా రాదు.

నా అభిప్రాయం ఒక్కటే. తెలుగు తెలియడం మన లోటు కాదు, ఇంగ్లీషుకు అదే మన మొదటి గ్రామర్ పుస్తకం. రోజూ రాత్రి భోజనాలయ్యాక ఒక అరగంట సీనియర్లు, జూనియర్లు కలిసి కూర్చోండి. ఆ రోజు జరిగిన ఐదు సంగతులు ఇంగ్లీషులో చెప్పుకోండి. వెళ్ళినవి, తిన్నవి, కొన్నవి, కొననివి. తప్పు దిద్దండి, ఎందుకు తప్పో చెప్పండి, నవ్వకండి. మనల్ని చూసి నవ్వడానికి బయట చాలామంది ఉన్నారు. హాస్టల్లో మనకు మనమే ఉన్నాం.

వార్షికోత్సవ శుభాకాంక్షలతో,
మీ పూర్వ విద్యార్థి