రాత్రి నొప్పి వస్తే తెల్లారేదాకా ఆగొద్దు



ఈ పోస్టు ముఖ్యంగా ఆశ్రమ పాఠశాలల్లో, హాస్టళ్లలో చదివే తమ్ముళ్ల కోసం. విషయం కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. అయినా పూర్తిగా చదవండి, పక్కవాడికీ చెప్పండి.

బీజం లోపల మెలి తిరిగిపోయే జబ్బు ఒకటుంది. డాక్టర్లు టెస్టిక్యులర్ టార్షన్ అంటారు. ఎక్కువగా 12 నుంచి 18 ఏళ్ల మగపిల్లల్లో కనిపిస్తుంది. దెబ్బ తగలక్కర్లేదు, నిద్రలోనూ రావచ్చు. ఉన్నట్టుండి ఒకవైపు భరించలేని నొప్పి, వాపు, వాంతులు. చాలామంది పొత్తికడుపు నొప్పి అని మాత్రమే చెప్తారు. కొందరికి నిజంగానే అక్కడా నొప్పి ఉంటుంది, కొందరికి అసలు చోటు చెప్పడానికి సిగ్గు. మెలి పడితే బీజానికి రక్తం అందదు. 6 గంటల్లోపు ఆపరేషన్ చేసి మెలి విప్పితే చాలావరకు దక్కుతుంది. 24 గంటలు దాటితే తీసేయడం తప్ప దారి ఉండేది తక్కువ.

ఇప్పుడు మన ఏజెన్సీ లెక్క వేద్దాం. రాత్రి 11కి నొప్పి మొదలైంది, పొద్దున 6కి వార్డెన్ సార్‌కి చెప్పాడు. అప్పటికే 7 గంటలు. తర్వాత ఓ నొప్పి మాత్ర, ఆర్‌ఎంపీ సూది, పీహెచ్‌సీ, అక్కడ్నుంచి రెఫర్. పాడేరు ఘాట్ దిగి విశాఖ చేరడానికే సుమారు 3 గంటలు. సెలవులకి రోడ్డు లేని గూడేనికి వెళ్లిన పిల్లాడైతే డోలీ మోత కూడా కలపండి.

పీహెచ్‌సీ డాక్టర్ని తిట్టి లాభం లేదు, ఆ ఆపరేషన్ అక్కడయ్యేది కాదు. కానీ అనుమానం వస్తే స్కానింగ్ పేరుతో ఆపకుండా, సర్జన్ ఉన్న ఆసుపత్రికి ముందే ఫోన్ చేసి నేరుగా పంపాలి. మూత్రం బంద్ అయిపోయి పొట్ట ఉబ్బిన మన తాతల సంగతి వేరే. వాళ్లకి మూత్రం పైపు చాలావరకు పీహెచ్‌సీలోనే వేయొచ్చు. అదీ వేయకుండా నొప్పితోనే పట్నం పంపిస్తే మాత్రం మేం ఒప్పుకోం.

ఐటీడీఏ వాళ్లని మనం అడగాల్సింది పెద్ద ఖర్చు పనేం కాదు. ప్రతి హాస్టల్లో రాత్రి 108కి ఫోన్ చేసే బాధ్యత ఎవరిదో, రాత్రిపూట సర్జన్ ఉండే దగ్గరి ఆసుపత్రి ఏదో గోడ మీద రాయించాలి. వినతిపత్రం రాస్తున్నాం. మీ హాస్టల్లో రాత్రి డ్యూటీకి ఎవరుంటున్నారో, అసలు ఉంటున్నారో లేదో, మాకు రాసి పంపండి.