చింతబరికెకు సన్మానం

పదో తరగతి బ్యాచ్‌ల పూర్వ విద్యార్థుల ఆత్మీయ సమ్మేళనం ఏదైనా చూడండి. రిటైరైన లెక్కల మాస్టారికి శాలువా కప్పి మెమెంటో ఇస్తారు. మైకు పుచ్చుకున్న ప్రతివాడూ ఆయన కొట్టిన దెబ్బలే తలుచుకుంటాడు. గోడకుర్చీ, తొడపాశం, చింతబరికె... పేరు చెబితే చాలు, హాలంతా నవ్వులు. చివరికి ఎవరో ఒకరు అననే అంటారు: "ఆ రోజు సారు కొట్టబట్టే ఈ రోజు ఇలా ఉన్నాం." చప్పట్లు.

రానివాళ్ళ సంగతి ఎవరూ ఎత్తరు. బరికెకు జడిసి ఏడో తరగతిలోనే బడి మానేసి మెకానిక్ షెడ్డులో చేరినవాడు ఆ వాట్సాప్ గ్రూపులో ఉండడు. అవే దెబ్బలు వాడూ తిన్నాడు కదా, మరి వాడెందుకు బాగుపడలేదు? వచ్చినవాళ్ళు కూడా సొంత కష్టంతోనో, ఇంట్లో ఒక అమ్మమ్మ ఆదరణతోనో, కాస్త అదృష్టం కలిసొచ్చో గట్టెక్కారు. పేరు మాత్రం బరికెకు పోయింది.

2016లో ఎలిజబెత్ గెర్షాఫ్, ఆండ్రూ గ్రోగన్-కేలర్ యాభై ఏళ్ళ పరిశోధనలను, లక్షా అరవై వేల మందికి పైగా పిల్లల సమాచారాన్ని కలిపి చూశారు. అందులో ఉన్నవి వాతలు తేలే దెబ్బలు కూడా కావు, పిర్ర మీద చరచడం లాంటివే. వాటివల్ల మేలు జరిగిన జాడ లేదు. దూకుడు, మొండితనం, మానసిక సమస్యలతోనే సంబంధం కనిపించింది. అంతకుముందే, 1998లో, అమెరికాలో విన్సెంట్ ఫెలిట్టి బృందం వేల మంది పెద్దవాళ్ళను వాళ్ళ బాల్యం గురించి అడిగింది. నాలుగు, అంతకు మించిన రకాల బాధలు పడినవాళ్ళకు తాగుడు, డిప్రెషన్, ఆత్మహత్యాయత్నం లాంటి ముప్పు 4 నుంచి 12 రెట్లు ఎక్కువని తేలింది. అది గుంపు లెక్క, ఏ ఒక్కరి జాతకమూ కాదు. కానీ "మాకేం కాలేదు" అనేవాళ్ళు ఒకసారి చదవాల్సిన లెక్కే.

ఏం కాలేదా? నలభై అయిదేళ్ళ ఉద్యోగస్తుణ్ణి ఊహించుకోండి. మేనేజర్ "ఒకసారి క్యాబిన్‌లోకి రా" అంటే అరచేతులు చెమర్చి, తప్పేం చేశానా అని వారం రోజుల మెయిళ్ళు తిరగేస్తాడు. ఇంటికొచ్చాక కూతురు ఏడో ఎక్కం అప్పజెబుతూ ఏడెనిమిదుల దగ్గర తడబడితే చెయ్యి దానంతటదే లేస్తుంది. పిల్ల తల పక్కకు వాల్చి మోచెయ్యి అడ్డం పెట్టుకుంటుంది. అలా అడ్డం పెట్టుకోవడం ఎవరూ నేర్పరు. ఆయన్ను అడిగి చూడండి, బాగానే ఉన్నానంటాడు.

ఇక రెండో వాదం. "కన్నవాళ్ళు, ఏదో ఒక మాటన్నారు, ఓ దెబ్బ వేశారు. ఇంత వయసొచ్చాక తవ్వుకోవడం దేనికి?" నిజమే, ఆ నాన్న అప్పుల్లో ఉన్నాడు, వాళ్ళ నాన్న చేతిలో తనూ తిన్నాడు. అది తెలిస్తే కోపం కొంత దిగుతుంది. అయితే పడ్డ దెబ్బ పడనట్టు కాదు. ప్రతి మందలింపునూ ట్రామా అంటూ రీల్స్ చేసేవాళ్ళంటే నాకూ చిరాకే. వాళ్ళ అతి చూపించి అసలు నొప్పి ఉన్నవాళ్ళ నోరు నొక్కడం మాత్రం తెలివి కాదు, దాటవేత.

పెద్దయ్యాక ఆ గాయం మానడం మొదలయ్యేది ఎదురుపడి నిలదీయడంతోనే కానక్కర్లేదు. నిలదీస్తే చాలామంది నాన్నలు "నేనెప్పుడు కొట్టానురా?" అంటారు, మాస్టారేమో ఎప్పుడో పోయి ఉంటారు. వాళ్ళ పశ్చాత్తాపం కోసం కూర్చుంటే మన జీవితం మళ్ళీ వాళ్ళ చేతుల్లోనే పెట్టినట్టు. జరిగింది జరిగినట్టు, నవ్వులాట చేయకుండా, నమ్మకమున్న ఒక మనిషికి చెప్పుకోవాలి. స్నేహితుడు సరిపోకపోతే కౌన్సెలర్ దగ్గరికి వెళ్ళాలి. 14416కి ఫోన్ చేస్తే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఎక్కం దగ్గర చెయ్యి లేచిన రాత్రే పిల్ల పక్కన కూర్చుని "తప్పు నాదమ్మా" అనొచ్చు, దానికి ఏ థెరపీ పూర్తయ్యేదాకా ఆగక్కర్లేదు.

క్షమించాలా వద్దా అన్నది ఆ తర్వాతి సంగతి, అదీ దెబ్బ తిన్న మనిషి ఇష్టం. సంక్రాంతికి ఇంటికొచ్చినవాణ్ణి బంధువులంతా చుట్టూ చేరి "పెద్దాయన, కాళ్ళకు దణ్ణం పెట్టు, అయిపోతుంది" అని చేయించే రాజీకి క్షమ అని పేరు పెట్టకండి.