సాయంకాలపు రెండవ బడి



గడచిన సంచికలో శ్రీరామ భజన నియమములను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము ఆ భజన జరుగు మంటపమును గూర్చియే మరియొక మాట చెప్పవలసి వచ్చినది.

మన మందిర కార్యవర్గమునకు ఒక విన్నపము అందినది. పిల్లలను పరీక్షలకు సిద్ధపరచు ఉపాధ్యాయుడొకరు మన మంటపమును వారమునకు నాలుగు సాయంకాలములు అద్దెకు కోరుచున్నారు. అద్దె మంచిదే. తుపానులకు దెబ్బతిన్న పైకప్పు మరమ్మతునకు ఆ ధనము అక్కరకు వచ్చును. కాని ఆ నాలుగింటిలో రెండు మన తెలుగు తరగతి జరుగు దినములు. ఆ తరగతికి ఇప్పుడు వచ్చుచున్న పిల్లలు తొమ్మండుగురు. "తొమ్మండుగురి కొరకు నలుబది మందిని కాదనవచ్చునా?" అని ఒకరనిరి. "ట్యూషను అనునదే అన్యాయము, దేవుని సన్నిధిని దానికి చోటీయరాదు" అని మరియొకరనిరి. తీర్మానము రాబోవు సభకు వాయిదా పడినది.

ఈ విషయమున నా అభిప్రాయము వ్రాయుమని కొందరు కోరిరి. వ్రాయుటకు ముందు ఒక సంగతి ఒప్పుకొనవలెను. నేను 30 ఏండ్లు బడిపంతులుగా పనిచేసితిని. అందు 18 ఏండ్లు సాయంకాలములందు ట్యూషను చెప్పి రుసుము తీసికొంటిని. మా ఇంటి రెండవ అంతస్తు ఆ రుసుముతోనే లేచినది. కావున ఇవి ఒడ్డున నిలిచి మాటలాడువాని మాటలు కావు.

ప్రశ్న ఇది: రుసుమిచ్చి పరీక్షకై ప్రత్యేకముగా చదివిన బిడ్డకు, అట్లు చదువలేని బిడ్డపై అన్యాయమైన ఆధిక్యము కలుగుచున్నదా? అవునని గాని కాదని గాని ఒక్కమాటలో చెప్పుట సులభమే. కాని ట్యూషను అను ఒక్క పేరు క్రింద వేర్వేరు పనులు జరుగుచున్నవి. వానిని విడదీసి చూడనిదే తీర్పు చెప్పరాదు.

ముందుగా ఈ పరుగు ఎట్లు మొదలైనదో తలచుకొందము. మన పూర్వులు కోరింగ మొదలగు రేవుల నుండి ఓడలెక్కి ఈ మారిషస్ దీవికి వచ్చి చెఱకు తోటలలో చేరిరి. తోటపని నుండి బయటపడుటకు వారెరిగిన దారులు రెండు: కొంచెము నేల కొనుట, బిడ్డను చదివించుట. 1977లో ఈ దేశమున సెకండరీ విద్య ఉచితమైనది. బడి రుసుము పోయినది గాని, పేరుగన్న కాలేజీలలో చోట్లు కొన్నియే. రాయల్ కాలేజి క్యూర్‌పిప్, రాయల్ కాలేజి పోర్ట్ లూయిస్, క్వీన్ ఎలిజబెత్ కాలేజి వంటి వానిలో చోటు దొరకుటకై 11 ఏండ్ల పసివాండ్రు సి.పి.ఇ. పరీక్షలో ఒకరినొకరు దాటవలసి వచ్చినది. పత్రికలు దీనికి ర్యాట్ రేస్ అని, అనగా ఎలుకల పరుగని, పేరు పెట్టినవి.

ఆ పరుగును మాన్పుటకు ప్రభుత్వములు ప్రయత్నింపకపోలేదు. ర్యాంకులను తొలగించిరి, పిదప ఏ ప్లస్ అను గ్రేడు వచ్చినది. 2016తో సి.పి.ఇ. ముగిసినది. 2017 నుండి దాని స్థానమున పి.ఎస్.ఎ.సి. వచ్చినది. తొమ్మిదవ తరగతి చివర మరియొక జాతీయ పరీక్షను ఏర్పరచి, 2021లో మొదటిసారి జరిపిరి. పరీక్ష పేరు మారినపుడెల్ల ట్యూషను గుమ్మము మీది బోర్డు మారినది. లోపలి బల్లలు మారలేదు. 1999లో మార్క్ బ్రే అను విద్యావేత్త యునెస్కో వారికై వ్రాసిన గ్రంథమున ఈ విద్యను నీడవిద్య అను పేరుతో వర్ణించెను. ఆ పేరు తగినదే. మనిషి ఎటు తిరిగిన నీడ అటు తిరుగును. చోట్లు తక్కువగను, ఆశించువారు ఎక్కువగను ఉన్నంతకాలము నీడ తొలగదు.

ఇంతకును ఈ ప్రత్యేక శిక్షణ వలన మార్కులు నిజముగా పెరుగునా? అమెరికాలో కళాశాల ప్రవేశమునకు వ్రాయు శాట్ పరీక్షను గూర్చి పరిశోధకులు పలుమారు లెక్కలు కట్టిరి. శిక్షణ వలన కలుగు లాభము 1600 మార్కులకు సగటున 30 మార్కుల ప్రాంతమేనని 2009లో డెరెక్ బ్రిగ్స్ అను పరిశోధకుడు అంతకు మునుపటి లెక్కలను సమీక్షించి తెలిపెను. ప్రకటనలలో చెప్పునంత లాభము లేదన్నమాట. అయినను దానిని తేలికగా తీసివేయరాదు. చోట్లు నూరు, అర్హులు మున్నూరు ఉన్నచోట, గుమ్మము లోపలివానిని వెలుపలివానిని వేరుచేయునవి రెండు మూడు మార్కులే.

మన భజననే చూడుడు. చూడవచ్చినవారందరును కూర్చుండి యున్నంతసేపు అందరికిని దీపము కనబడును. ముందువరుసవారు లేచి నిలిచినచో వెనుకవారును లేవవలసినదే. కొంతసేపటికి అందరును నిలిచియే యుందురు. ఎవరికిని మునుపటికంటె బాగుగా కనబడదు. కాళ్లనొప్పి మాత్రము అందరికిని మిగులును. లేవలేని ముదుసలికి దీపమే కానరాదు. ట్యూషను వ్యవహారమంతయు ఇట్లున్నది. అందరును పంపుచున్నారు గనుక పంపుచున్నామని తలిదండ్రులు చెప్పుచున్నారు. వారిని నేను నిందింపను. తన బిడ్డను ఒక్కదానినే కూర్చుండబెట్టుమని ఏ తల్లికి చెప్పగలము?

ఇక రెండవ ప్రక్కయు చూడవలెను. ఈ దేశమున పరీక్షపత్రములు ఇంగ్లీషులో వచ్చును. ఫ్రెంచియు తప్పనిసరిగా చదువవలెను. ఇంటను వీధిని వినబడునది క్రియోలు. తండ్రి భోజనపు బల్ల వద్ద ఫ్రెంచి పత్రిక చదివి వినిపించుచు, తల్లి నిద్రవేళ ఇంగ్లీషు కథ చెప్పుచు నుండు ఇంట పుట్టిన బిడ్డకు పుట్టిననాటి నుండియు ట్యూషనే. దానికి రుసుము లేదు, రశీదు లేదు, దానిని నిషేధించు చట్టమును లేదు. తెల్లవారక మునుపే చెఱకు కోతకు పోయిన తల్లి బిడ్డకు అట్టి భాగ్యమెక్కడిది? మా నాయనమ్మ ఆవుపాలు అమ్మిన డబ్బు కూడబెట్టి, మా తండ్రిగారికి సాయంకాలములందు చదువు చెప్పించినది. ఆమె ఎవరికో అన్యాయము చేసినదని నేననజాలను. వెనుకబడినవానిని చేయిపట్టి ముందుకు తెచ్చుట వేరు. ముందున్నవానిని ఇంకను ముందుకు నెట్టుట వేరు. రెండింటికిని ట్యూషను అనియే పేరు. మొదటిది సహాయము. రెండవది, ధనముతో కొన్న చోటు.

అయితే నేను చూచిన అసలు అన్యాయము ఈ రెండింటిలోను లేదు. అది పగటి బడిలో పుట్టినది. పగలు జీతము తీసికొని ఏ పిల్లలకు పాఠము చెప్పుచున్నామో, సాయంకాలము రుసుము తీసికొని ఆ పిల్లలకే చెప్పుచుంటిమి. అట్టి ఉపాధ్యాయునికి తెలియకుండనే నాలుకపై ఒక మాట అలవడును. లెక్క సగములో నుండగా గంట కొట్టినచో, "మిగిలినది సాయంకాలము చూతము" అనుచుంటిని. ఒకనాడు నేనట్లనగా, ట్యూషనుకు రాని బాలుడొకడు లేచి నిలిచి, "మిస్యే, మిగిలినది నాకెప్పుడు చెప్పెదరు?" అని అడిగెను. వాని అడుగుటలో కోపము లేదు. ఏ దినమో తెలిసికొనగోరెను, అంతియే. నేను పుస్తకము మూసి, కూర్చుండుమంటిని.

ఆ బాలునికి వాని తోటివారు చేసిన అన్యాయమేదియు లేదు. వారు కష్టపడి చదివిరి. వారి తలిదండ్రులు కష్టపడి చెల్లించిరి. వానికి రావలసిన సగము లెక్కను నేను అమ్ముకొంటిని. పగటి బడిలో అందరికిని చెల్లవలసినది సాయంకాలము కొందరికి సరకుగా మారినపుడే ట్యూషను అన్యాయమగును. బయటి శిక్షకుడెంత చెప్పినను బడిపాఠము తరిగిపోదు. కాని బడి ఉపాధ్యాయుడే ఆ బడిపిల్లలకు ట్యూషను చెప్పినచో, పగలు తక్కువ చెప్పిన కొలది సాయంకాలము లాభము హెచ్చును. మంచివాడైనను ఆ త్రాసు ముందు కూర్చుండకుండుట మేలు.

చట్టముతో దీనిని ఆపవచ్చునా? మన దేశమున చిన్న తరగతులవారికి ప్రైవేటు ట్యూషను చెప్పుట నిషిద్ధము. 2011లో ఆ నిషేధమును నాలుగవ తరగతి వరకు పొడిగించిరి. పసిబిడ్డల ఆటపాటలు దక్కుటకు అట్టి హద్దు మంచిదే. కాని నిషేధము ఒక్కటే చాలదని ఇతర దేశముల అనుభవము చెప్పుచున్నది. దక్షిణ కొరియాలో 1980లో ప్రైవేటు ట్యూషనును దాదాపు పూర్తిగా నిషేధించిరి. ధనికులు గుప్తముగా, ఎక్కువ ధనమిచ్చి బోధకులను పెట్టుకొనిరి. 2000లో ఆ దేశపు రాజ్యాంగ న్యాయస్థానము ఆ నిషేధమును కొట్టివేసెను. చైనా ప్రభుత్వము 2021లో బడి పాఠములను లాభమునకు బోధించు శిక్షణ సంస్థలపై కఠిన నిబంధనలు విధించెను. అచ్చటను కొంత బోధన ఇండ్లలోనికి మరలినది. తలుపు మూసినచో కిటికీలోనుండి ప్రవేశించునది ధనమున్న బిడ్డయే గాని, లేనిబిడ్డ కాదు.

ఈ పరుగులో మనము పోగొట్టుకొనుచున్నది వేరొకటియు కలదు. మన బిడ్డ ఉదయము ఏడు గంటలకు ఇల్లు విడిచి, బడినుండి ట్యూషనుకు పోయి, చీకటిపడు వేళకు ఇల్లు చేరును. శనివారమును ట్యూషనుకే. తాతయ్యతో నాలుగు తెలుగు మాటలాడు వేళయేది? బడులలో తెలుగు ఐచ్ఛికముగా చెప్పుచున్నారు, పరీక్షయు పెట్టుచున్నారు. అయినను మార్కులకై నేర్చిన భాష పరీక్షతో ముగియును. మందిరమున నేర్చిన భాష భజనలో నిలుచును. మన తెలుగు తరగతిలో ఒకప్పుడు కూర్చుండుటకు చాపలు చాలెడివి కావు. నేడు తొమ్మండుగురే మిగులుటకు భాషయందు అనాదరము కారణము కాదు. పిల్లలకు తీరిక లేదు. ఆ తీరికను తీసికొన్నవారిలో నేనొకడను.

కావున కార్యవర్గమునకు నేను చేయు మనవి ఇది. మంటపమును రుసుము తరగతులకు అద్దెకీయరాదు. తెలుగు తరగతి దినములు రెండును తెలుగు తరగతికే ఉండవలెను. కోరిన నాలుగింటిలో మిగిలినవి మంగళవారము, గురువారము. ఆ రెండు సాయంకాలములు మంటపము తెరచి దీపములు వెలిగించి, బల్లలు వేసి ఉచిత పఠనవేళ జరుపుదము. పాత పరీక్షపత్రములను తెచ్చి యుంచుదము. ఎచ్.ఎస్.సి. చదువుచున్న మన యువతీ యువకులు, విశ్వవిద్యాలయమునకు పోవుచున్నవారు వంతులవారీగా వచ్చి, వెనుకబడిన చిన్నవారికి ఒక్కొక్క లెక్క, ఒక్కొక్క వాక్యము చూపవలెను. ఏ జాతి, ఏ మతము బిడ్డ వచ్చినను కూర్చుండనీయవలెను. చోటు చాలనిచో, బయట ట్యూషను లేనివారికి ముందు చోటు. ఇప్పుడు మంటపము కోరిన ఉపాధ్యాయుని కూడ, వారమున ఒక గంట ఉచితముగా చెప్పుడని మర్యాదతో పిలువవలెను. ఆయన బ్రతుకుదెరువును మనము తప్పుపట్టుటలేదు.

ఇది పరీక్షల పరుగును ఆపజాలదని నాకు తెలియును. చోట్లు పెంచుట, అన్ని బడులను సమముగా తీర్చిదిద్దుట ప్రభుత్వము పని. మనము చేయగలిగినది లేవలేనివారికి దీపము కనబడునట్లు కొంచెము చోటు వదలుట మాత్రమే. మన సంఘమున ఉపాధ్యాయులైన సోదరీ సోదరులకు వేరుగా ఒక మనవి: పగటి పాఠమును పగలే ముగింపుడు.

పైకప్పు మాటను మరువలేదు. అద్దె రాదు గనుక చందా వేసికొనవలెను. ట్యూషనుతో లేచిన మా రెండవ అంతస్తునకు వచ్చు అద్దెలో ఒక మాసపుది ముందుగా నేనిచ్చెదను. ఆ రెండు సాయంకాలములును నేను వచ్చి కూర్చుండెదను.

రాబోవు సభకు అందరును దయచేసి, ఒప్పుకొనువారు ఒప్పుకొనుచు, కాదనువారు కాదనుచు, మీ మాట చెప్పుడు. "మిగిలినది నాకెప్పుడు చెప్పెదరు?" అను ప్రశ్నకు ఆనాడు నేను బదులు చెప్పలేదు. సభ సమ్మతించినచో, మంగళవారము, గురువారము, సాయంకాలము ఐదు గంటలకు అని ఇకమీద అడిగినవారికైనను చెప్పగలము.