నొప్పిలేని గడ్డ

“నొప్పి లేదుగదా, దానంతట అదే పోతుందిలే!” ఒంటిమీద గడ్డ కనిపిస్తే మన ఇళ్ళలో మొదట వినిపించే మాట ఇది. ఆపైన పసరు కట్టు, కాపడం, మర్దనం. ఈలోగా నెలలు గడిచిపోతాయి.

అలాంటి గడ్డల్లో చాలాభాగం వట్టి కొవ్వుగడ్డలే. చర్మం కిందనే మెత్తగా, వేలితో నొక్కితే జారుతూ ఉంటాయి. వాటివల్ల ప్రమాదం లేదు. కాని ఎప్పుడో ఒకప్పుడు అదే వేషంలో కాన్సరు వస్తుంది. కండ, కొవ్వు, నరం వంటి మెత్తని భాగాలలో పుట్టే ఈ కాన్సరును సార్కోమా అంటారు. పెద్దవాళ్ళకు వచ్చే కాన్సర్లలో ఇది సుమారు నూటికి ఒకటి. అందులో సైనోవియల్ సార్కోమా అనే రకం తరచు వయసులో ఉన్నవాళ్ళకే, మోకాలి చుట్టుపక్కల వస్తుంది. కొందరిలో ఏళ్ళతరబడి మెల్లగా పెరిగి ఏమరుస్తుంది.

మరి తేడా తెలిసేదెలా? గడ్డ అయిదు సెంటీమీటర్లు, అంటే పెద్ద నిమ్మకాయంత, దాటినా, పెరుగుతూ ఉన్నా, కండలో లోతుగా ఉన్నా, ఒకసారి తీసేశాక మళ్ళీ అక్కడే లేచినా వెంటనే డాక్టరుకు చూపండి.

“చిన్న గడ్డే, కోసేద్దాం” అని ఎవరైనా అంటే మాత్రం తొందరపడకండి. అదేమిటో తెలియకుండా కోస్తే కొంత లోపలే మిగిలిపోవచ్చు. రెండోసారి మరింత కోయవలసి వస్తుంది. ముందు ఎం.ఆర్.ఐ. తీసి, తరువాత లావుపాటి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షించాలి. సూది గుచ్చితే జబ్బు పాకుతుందని కొందరి భయం. ఎక్కడ గుచ్చాలో ఆపరేషను చేయబోయే డాక్టరే చూసి చెబితే ఆ బెంగ అక్కరలేదు. ఈ జబ్బు ఎక్కువగా పాకేది ఊపిరితిత్తులకు. అందుకే ఛాతీకి కూడా స్కాను తీస్తారు.

“కాలు తీసేస్తారేమో” నన్నది అసలు భయం. 1982లో అమెరికా జాతీయ కాన్సరు సంస్థ డాక్టర్లు 43 మంది రోగుల సంగతి ప్రకటించారు. 16 మందికి కాలో చెయ్యో తీసేశారు. 27 మందికి గడ్డను తీసి, ఆ చోట రేడియేషను ఇచ్చారు. ప్రాణం దక్కడంలో ఇరువర్గాలకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. ఇప్పుడు చాలామందికి గడ్డను చుట్టూ కొంత మంచి కండతోసహా తీసి, అవసరాన్నిబట్టి రేడియేషను, మందులు ఇస్తారు. కాలు నిలుస్తుంది. అయితే జబ్బు ముదరకముందే రావాలి.

తొడమీద గడ్డ లేస్తే ఆడపిల్లలు సిగ్గుపడి తల్లికైనా చెప్పరు. అడిగి తెలుసుకోవలసింది పెద్దవాళ్ళే.