మా మామ గూగుల్‌లో ఎందుకు దొరకడు?

సీఎస్ఈ చదువుతున్నా అని చెప్తే చుట్టాల్లో ఒకరు ప్రింటర్ బాగుచెయ్యమంటారు, ఇంకొకరు వెబ్‌సైట్ చేసిపెట్టమంటారు. మా మేనమామ రెండో రకం. మెదక్ టౌన్‌లో ప్లాట్లు, పొలాలు చూపించే ఏజెంటు. ఇరవై ఏళ్లుగా అదే పని. పోయిన వేసవి సెలవులకి ఇంటికెళ్తే ఫోన్ నా ముందు పెట్టి, "అల్లుడా, మెదక్‌ల ప్లాట్లు అని కొడితే మొత్తం హైదరాబాదోళ్లే వస్తున్నరు. మనం యాడ వోయినం రా?" అన్నాడు.

నా అభిప్రాయం చెప్పేముందు నేను చేసిన తప్పులు చెప్పాలి. ఎందుకంటే మన బ్యాచ్‌లో చాలామంది పాకెట్ మనీ కోసం ఇదే పని చేస్తున్నారు, ఇవే తప్పులు చేస్తున్నారు.

ముందు ఒక టెంప్లేట్ తీసుకున్నా. పైన నలభై అంతస్తుల టవర్ ఫొటో, కింద ఇంగ్లీషులో డ్రీమ్ హోమ్ గురించి ఒక లైను. మా ఊళ్లో తలెత్తి చూడాల్సినంత ఎత్తు ఉన్నది 1924 క్రిస్మస్‌కి ప్రారంభమైన చర్చి శిఖరమే. అయినా ఆ ఫొటో అలాగే ఉంచేశా. తర్వాత వెంచర్‌కో పిన్ చొప్పున మ్యాప్‌లో పెట్టా. ఖాళీ నేల, నాలుగు హద్దురాళ్లు, దానికో బిజినెస్ ప్రొఫైల్! అమ్మకానికి పెట్టిన ఆస్తికి ప్రొఫైల్ పెట్టకూడదని గూగుల్ రూల్స్‌లో స్పష్టంగానే ఉంది. నేను చదవలేదు. ఆ తర్వాత ఒకే పేజీ రాసి, ఊరి పేరు మాత్రం మార్చి, పాపన్నపేట, కుల్చారం, రామాయంపేట, చేగుంట అంటూ లూప్ తిప్పా. పైథాన్‌లో పది లైన్లు. కొంచెం గర్వంగా కూడా ఉండింది. వీటిని డోర్‌వే పేజీలంటారనీ, గూగుల్ స్పామ్ కింద లెక్కేస్తుందనీ తర్వాత తెలిసింది.

అన్నిటికంటే పెద్ద తప్పు రివ్యూలు. హాస్టల్ గ్రూప్‌లో లింక్ పడేసి "ఐదు స్టార్లు కొట్టండి రా" అన్నా. కొట్టారు. ఒకడైతే గచ్చిబౌలిలో ఫ్లాట్ ఇప్పించినందుకు థాంక్స్ చెప్పాడు. మా మామ గచ్చిబౌలిలో బస్సు కూడా దిగి ఉండడు.

రెండు వారాలకి హైదరాబాద్ నుంచి ఒక పెద్దాయన, ఆయన భార్య వచ్చారు. రిటైర్ అయిన టీచరు. ఎవరిదో ఫ్లెక్సీ చూసి ఒక ప్లాటు మీద మనసు పడ్డారు, కాగితాలు చూపించడానికి మామ దగ్గరికొచ్చారు. మామ సర్వే నంబరు చూశాడు, ఒకరిద్దరికి ఫోన్ చేశాడు, చివరికి అన్నాడు: "సార్, ఇది తీసుకోకండి. కొంత శిఖం కిందికి వస్తది. చెరువు నిండితే మీ ప్లాట్ల నీళ్లే." ఆయన లేస్తూ, "మీకు ఇన్ని మంచి రివ్యూలు ఎందుకున్నాయో ఇప్పుడర్థమైంది" అన్నారు.

నేను అక్కడే కూర్చుని ఉన్నా. మామ నావైపు చూసి నవ్వాడు. ఆయనకి తెలీదు, ఆ రివ్యూలు రాసినోళ్లలో ఒక్కరు కూడా ఆయన్ని చూడలేదని. వచ్చినాయన రిటైర్‌మెంట్ డబ్బులు పట్టుకుని, నా హాస్టల్ ఫ్రెండ్స్ మాట నమ్మి వంద కిలోమీటర్లు వచ్చాడు. ఆయన అదృష్టం బాగుండి అవతల ఉన్నది మా మామ. వేరే ఎవరికైనా నేను ఇదే సర్వీసు చేసి ఉంటే? ఆ రాత్రి అందరికీ ఫోన్ చేసి రివ్యూలు తీయించా. మన బీఐఎస్ వాళ్లు 2022లోనే ఆన్‌లైన్ రివ్యూల మీద ఐఎస్ 19000 అని ఒక స్టాండర్డ్ తెచ్చారు. కానీ నా చేత తీయించింది అది కాదు, ఆయన మాట.

ఇప్పుడు అసలు విషయం. లోకల్ సెర్చ్‌లో ఎవరు పైకి రావాలో మూడిటిని బట్టి తేలుతుందని గూగులే చెప్తుంది: అడిగినదానితో ఎంత సంబంధం ఉంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరుంది. దూరం మన చేతిలో లేదు. కూకట్‌పల్లిలో కూర్చుని "నా దగ్గర్లో ప్లాట్లు" అని కొట్టేవాడికి మెదక్ రాందాస్ చౌరస్తా ఆఫీసు మ్యాప్‌లో ఎప్పటికీ రాదు, రాకూడదు కూడా. కానీ మామ దగ్గర కొనేవాళ్లలో సగం మంది అక్కడే ఉంటారు. అంటే మ్యాప్ టౌన్‌లో ఉన్నవాళ్ల కోసం, పేజీలు దూరంగా ఉన్నవాళ్ల కోసం. ఈ రెండిటినీ ఒకే పని అనుకోవడం వల్లే మనం పిన్నుల మీద పిన్నులు గుచ్చుతున్నాం. మ్యాప్‌కి కావాల్సింది చాలా చిన్న పని. బోర్డు మీద ఒక పేరు, విజిటింగ్ కార్డు మీద ఇంకో పేరు, రెండు ఫోన్ నంబర్లు ఉండేవి. అన్నిచోట్లా ఒకటే చేశాం, అంతే.

సంబంధం దగ్గరే మెదక్‌కి వేరే తలనొప్పి ఉంది. 2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు వచ్చేదాకా మెదక్ జిల్లా అంటే సంగారెడ్డి, సిద్దిపేట, పటాన్‌చెరు అన్నీ కలిపి. జిల్లా ఆఫీసులు సంగారెడ్డిలో. పేరు మాది, హెడ్‌క్వార్టర్ వాళ్లది. ఇప్పటికీ మెదక్ లోక్‌సభ సీటులో పటాన్‌చెరు ఉంది. పాత పేజీలన్నిటిలో పటాన్‌చెరు ప్లాటు "మెదక్ జిల్లా" అనే ఉంటుంది. ఇక మెషీన్‌కి మెదక్ అంటే ఏం అర్థమవ్వాలి? దానికి తోడు ట్రిపుల్ ఆర్. రీజినల్ రింగ్ రోడ్డు ఉత్తర భాగం వెళ్లేది నర్సాపూర్, తూప్రాన్ వైపు. నర్సాపూర్ మా టౌన్‌కి నలభై కిలోమీటర్ల పైనే. అయినా టౌన్ పక్క ప్లాట్లకి కూడా "ట్రిపుల్ ఆర్ దగ్గర" అని రాస్తున్నారు. 2022 సెప్టెంబర్‌లో అక్కన్నపేట నుంచి మెదక్‌కి నిజంగానే రైలొచ్చింది, దాని గురించి రాయొచ్చుగా! ఘనపూర్ అన్నా అంతే. మా హవేలీ ఘనపూర్ వేరు, జనగామ వైపు స్టేషన్ ఘనపూర్ వేరు. మండలం పేరు, 502110 పిన్‌కోడ్ రాస్తే తేలిపోయేదాన్ని మనం కీవర్డ్స్‌తో నింపి ఇంకా చెడగొడుతున్నాం.

మన క్లబ్‌కి సంబంధించింది ఇక్కడుంది. మామ దగ్గర తెలుగు బ్రోచర్లు కుప్పలు ఉన్నాయి. డీటీపీ షాపు వాళ్ల దగ్గర ఫైల్ తెచ్చి సైట్‌లో పేస్ట్ చేస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు వచ్చాయి. అను ఫాంట్లలో కొట్టింది కదా, అది యూనికోడ్ కాదు. స్క్రీన్ మీద "అ"లా కనిపించేది లోపల వేరే ఏదో అక్షరం. తెలుగు యూనికోడ్‌లో 1991 నుంచీ ఉంది, మన ఫ్లెక్సీలకి ఇంకా చేరలేదు. మిగతావాళ్లు ఫ్లెక్సీని ఫొటో తీసి సైట్‌లో పెడతారు. అందులో సర్వే నంబరు, హద్దులు అన్నీ ఉంటాయి కానీ వెతికేవాడికి టెక్స్ట్‌గా దొరకవు. పేజీలో టైపు చేసి ఉన్నది ఇంగ్లీషు డ్రీమ్ హోమ్ ఒక్కటే. పక్క ఊరి రైతు ఫోన్‌లో తెలుగులో మాట్లాడి వెతికితే ఏం దొరుకుతుంది?

దీనికి మామ ఒప్పుకోలేదు. "తెలుగుల రాస్తే చిన్న దుకాణం లెక్క కనిపిస్తది, ఇంగ్లీషుల ఉంటేనే నమ్ముతరు." పూర్తిగా తప్పు అనలేను. నేనే స్కూల్లో తెలుగు మాట్లాడితే ఫైన్ కట్టినోడిని, ఈ వ్యాసంలో వత్తులు కూడా ఎడిటరే దిద్దారు. రెండు భాషల్లోనూ పెట్టాం, హెచ్‌రెఫ్‌లాంగ్ ట్యాగుతో కలిపాం. అయితే తెలుగు పేజీని ఇంగ్లీషు నుంచి ట్రాన్స్‌లేట్ చెయ్యలేదు. మామ ఫోన్‌లో కస్టమర్లకి చెప్పేది పక్కన కూర్చుని టైపు చేశా. గుంట అంటే 121 గజాలు, ఈసీ ఎన్నేళ్లది తీయాలి, లింక్ డాక్యుమెంట్ ఎక్కడ తెగుతుంది, ఏ ఊరికి వానాకాలంలో ఏ బాట మునుగుతుంది. లూప్ తిప్పి ఇవి పుట్టించలేం. ఒక్కో ఊరికి ఒక సాయంత్రం పట్టింది. ఊళ్ల పేజీలు ఇప్పుడు నాలుగే ఉన్నాయి.

రెరా నంబరుని ఫుటర్‌లోంచి తీసి పైన ఫోన్ నంబరు పక్కన పెట్టా. 2016 చట్టం ప్రకారం రెరా కింద రిజిస్టర్ కావాల్సిన వెంచర్‌లో ప్లాటు అమ్మించాలంటే ఏజెంటుకి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆ నంబరు ప్రతి అమ్మకంలోనూ చూపించాలి. తెలంగాణ రెరా సైట్‌లో ఎవరైనా సరిచూసుకోవచ్చు. ఐదు స్టార్లకంటే ఇది నయం, ఎందుకంటే దీన్ని నా హాస్టల్ ఫ్రెండ్స్ రాయలేరు.

ర్యాంకు సంగతా? "మెదక్‌లో ప్లాట్లు" అని ఇంగ్లీషులో కొడితే ఇప్పటికీ పెద్ద పోర్టల్సే పైన ఉంటాయి. అవి పోవు. కానీ ఊరి పేరు, మండలం కలిపి తెలుగులో అడిగితే మామ వస్తున్నాడు. ఫోన్లు ఎక్కువేం రావట్లేదు. వచ్చేవాళ్లు మాత్రం రేటు కంటే ముందు సర్వే నంబరు అడుగుతున్నారు.

ఐదో పేజీ ఒకటి డ్రాఫ్ట్‌లో ఉంది. శిఖం భూమి, అసైన్డ్ భూమి ఎలా గుర్తుపట్టాలి, అలాంటి ప్లాటు కనిపిస్తే ఏ కాగితాలు అడగాలి అని. ఆ టీచర్ గారికి మామ చెప్పిందే రాశా. మామ రెండుసార్లు చదివి, "ఇది పెడితే టౌన్‌ల సగం మంది ఏజెంట్లు నాతోని మాట్లాడరు రా" అన్నాడు. డిలీట్ చెయ్యమని మాత్రం అనలేదు.